నీళ్లు పోస్తే మండే బొగ్గు!

బెంజీన్ వలయం నీటిని దగ్గరికి రానివ్వదు. కానీ మంట తగిలినా, ఎండ తగిలినా కథ మారిపోతుంది. రామగుండంలో ఒకప్పుడు యూరియా తయారైంది ఆ కిటుకుతోనే. బొగ్గు కుప్పల్లో, గాలిలో, చివరికి మన ఒంట్లో కూడా అదే జరుగుతోంది.

నిప్పును నీళ్లు ఆర్పుతాయి. చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే. కానీ బొగ్గు దగ్గర ఈ సూత్రం అన్నివేళలా పనిచేయదు. గని లోపలో, పెద్ద బొగ్గు కుప్ప అడుగునో నిప్పు బాగా రాజుకున్నాక పైనుంచి కొన్ని నీళ్లు కొడితే మంట ఆరకపోగా పేలుడు జరిగే ప్రమాదం ఉంది. అందుకే భూగర్భ గనిలో మంట అదుపు తప్పితే నీళ్ల పైపు కంటే ముందు గోడ కట్టే ఆలోచన చేస్తారు. ఆ భాగానికి గాలి అందకుండా మూసేస్తారు.

నీళ్లకు ఇంత శక్తి ఎక్కడిది? అసలు శక్తి నీళ్లది కాదు, వేడిది. మామూలుగా బొగ్గూ నీళ్లూ ఏళ్ల తరబడి పక్కపక్కనే ఉన్నా ఒకదాన్నొకటి పట్టించుకోవు. గోదావరి లోయలోని బొగ్గు పొరలు 25 కోట్ల ఏళ్లకు పైగా భూమిలోని తేమ మధ్యే ఉన్నాయి, కరిగిపోలేదు. అదే బొగ్గును వెయ్యి డిగ్రీల దాకా వేడి చేసి ఆవిరి తగిలిస్తే మాత్రం రెండూ కలిసి మండే గ్యాసుగా మారిపోతాయి. పెద్దపల్లి జిల్లాలోని రామగుండం, గోదావరిఖని వాసులకు ఇది పుస్తకాల్లోని రసాయనం కాదు. వాళ్ల ఊళ్లో ఒక ఫ్యాక్టరీ నడిచింది, మూతపడింది కూడా ఈ చర్య చుట్టూనే.

ఆరు కార్బన్ల కోట

ముందు బొగ్గు లోపల ఏముందో చూద్దాం. బొగ్గంటే ఒట్టి కార్బన్ కాదు. చెట్ల కలప కోట్ల ఏళ్లు భూమిలో ఒత్తిడికీ వేడికీ మగ్గి, చివరికి వలయాల వలగా మారింది. ఒక్కో వలయంలో ఆరు కార్బన్ అణువులు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి ఉంటాయి. సింగరేణి బొగ్గు లాంటి రకాల్లో కార్బన్‌లో సగానికి పైగా ఇలాంటి వలయాల్లోనే ఉంటుంది. రసాయన శాస్త్రంలో వీటిని ఆరోమాటిక్ పదార్థాలంటారు. మొదట్లో దొరికినవాటికి ఘాటైన వాసన ఉండటంతో ఆ పేరొచ్చింది. బట్టల బీరువాలో వేసే కలరా ఉండలు గుర్తున్నాయిగా? వాటిలో ఉండే నాఫ్తలీన్ రెండు వలయాలు అతుక్కున్న పదార్థం. తారు వాసన కూడా ఈ కుటుంబానిదే.

ఈ కుటుంబానికి పెద్ద బెంజీన్. దాన్ని 1825లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. లండన్‌లో దీపాల కోసం వాడే గ్యాసును నింపిన పాత్రల అడుగున మిగిలిన ద్రవంలో అది దొరికింది. 1845లో హాఫ్‌మన్ అదే బెంజీన్‌ను బొగ్గు తారులో గుర్తించాడు. 1865లో జర్మన్ శాస్త్రవేత్త కెకులే అది ఆరు కార్బన్ల వలయమని చెప్పాడు.

వలయంలోని ఎలక్ట్రాన్లు ఏ రెండు అణువులకో పరిమితం కావు. ఆరింటి మధ్యా పరుచుకుని ఉంటాయి. అందరూ కలిసి మోసే బరువులాంటిది ఇది. అందుకే ఆ వలయం చాలా గట్టిది. ఇథిలీన్ అనే వాయువులోనూ రెండు కార్బన్ల మధ్య జంట బంధం ఉంది. దానికి ఆవిరి, ఆమ్లం తగిలిస్తే నీళ్లను కలుపుకుని ఆల్కహాల్‌గా మారుతుంది. పరిశ్రమల్లో అలా చేస్తారు కూడా. అదే పని బెంజీన్‌తో చేయబోతే కుదరదు. నీరు వచ్చి చేరాలంటే ఆ ఎలక్ట్రాన్ల పంపకం చెడిపోవాలి. వలయం దానికి ఒప్పుకోదు.

కాబట్టి ఈ కోట తలుపు తెరవాలంటే రెండు తాళంచెవులున్నాయి. ఒకటి వేడి. రెండోది వెలుతురు.

వేడి చేసే పని

వేడి తగిలితే అణువులు ఊగుతాయి. ఎంత వేడి పెరిగితే అంత ఊపు. ఒక స్థాయి దాటాక గట్టి బంధాలు కూడా తెగుతాయి. పరిశ్రమలు దీన్ని ఒకప్పుడు తెలివిగా వాడుకున్నాయి. ఫినాల్ తయారుచేయాలంటే బెంజీన్ వలయానికి ఓహెచ్, అంటే నీటిలోని ఒక ముక్క, అతకాలి. నేరుగా అతకదు కాబట్టి ముందు వలయానికి క్లోరిన్ తగిలించేవారు. తర్వాత 400 డిగ్రీలు దాటిన వేడిలో, ఉత్ప్రేరకం మీదుగా ఆవిరి పంపేవారు. క్లోరిన్ బయటికి పోయి ఓహెచ్ లోపలికి వచ్చేది. జర్మనీకి చెందిన రాషిగ్ పేరుతో ఈ పద్ధతి ప్రసిద్ధమైంది. ఇప్పుడు చాలా ఫ్యాక్టరీలు వేరే దారిలో ఫినాల్ చేస్తున్నాయి. పాతకాలపు ఎర్ర లైఫ్‌బాయ్ సబ్బు వాసన తెలిసినవాళ్లకు ఫినాల్ కుటుంబం వాసన తెలిసినట్టే.

ఇంకా వేడి పెంచితే వలయానికి నీళ్లు అతకడం కాదు, వలయమే చిట్లిపోతుంది. బొగ్గును వేడి చేస్తే ముందు తేమ, తర్వాత తేలికపాటి వాయువులు, తారు బయటికి పోతాయి. మిగిలేది వలయాలు పక్కపక్కన అతుక్కున్న పలకల్లాంటి గట్టి భాగం. దానికి వెయ్యి డిగ్రీల దగ్గర ఆవిరి తగిలితే పలకల అంచుల నుంచి కార్బన్ అణువులను ఒక్కొక్కటిగా పీక్కుపోతుంది. నీటిలోని ఆక్సిజన్ కార్బన్‌తో కలిసి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. హైడ్రోజన్ విడిపోతుంది. ఈ మిశ్రమానికి వాటర్ గ్యాస్ అని పేరు.

ఇక్కడే గని మంటల రహస్యం ఉంది. హైడ్రోజన్ గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంతున్నా నిప్పు తగిలితే అంటుకుంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు ఆ పరిధి సుమారు 12.5 నుంచి 74 శాతం. పైగా అది రంగు, వాసన లేని విషం. మూసుకుపోయిన చోట ఎర్రగా కాలిన బొగ్గు మీద అరకొర నీళ్లు పోస్తే ఈ రెండూ పుడతాయి. నీళ్లు ఒక్కసారిగా ఆవిరై వ్యాకోచించే దెబ్బ వేరే ఉంటుంది. నిజానికి ఈ చర్య వేడిని పీల్చుకుంటుంది. కాబట్టి నీళ్లు చాలినన్ని ఉంటే, అవి నిప్పు దాకా చేరితే బొగ్గు చల్లబడుతుంది. చాలకపోతేనే ప్రమాదం.

ఎఫ్‌సీఐలో వండింది ఇదే

గనిలో భయపెట్టే ఈ చర్యనే ఒక పాత్రలో బంధించి పని చేయించుకోవచ్చు. రామగుండంలో భారత ఎరువుల సంస్థ, అంటే ఊళ్లో అందరూ అనే ఎఫ్‌సీఐ, చేసింది అదే. 1980లో ఉత్పత్తి మొదలైన ఆ ఫ్యాక్టరీ ముడిసరుకు బొగ్గు. ఒడిశాలోని తాల్చేరులోనూ ఇలాంటిదే మరో ఫ్యాక్టరీ పెట్టారు. దేశంలో మిగతా ఎరువుల ఫ్యాక్టరీలు ఎక్కువగా నాఫ్తా, గ్యాసు వాడుతున్న రోజుల్లో బొగ్గుతో యూరియా అనేది పెద్ద సాహసమే.

జరిగేది ఇదీ. బొగ్గును మెత్తని పొడిగా కొడతారు. ఆక్సిజన్, ఆవిరితో కలిపి మండే గదిలోకి చిమ్ముతారు. అక్కడి వేడికి వలయాలు నిమిషాలు కాదు, క్షణాల్లో చిట్లిపోయి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వస్తాయి. ఆ కార్బన్ మోనాక్సైడ్‌కు మళ్లీ ఆవిరి తగిలిస్తే ఇంకొంత హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. హైడ్రోజన్‌ను గాలిలోని నైట్రోజన్‌తో కలిపితే అమ్మోనియా. అమ్మోనియాకు కార్బన్ డయాక్సైడ్ కలిపితే యూరియా. అంటే రైతు పొలంలో చల్లిన ఆ తెల్ల గుళికల్లోని హైడ్రోజన్‌లో ఎక్కువ భాగం బొగ్గుది కాదు, నీటిది!

లెక్క బాగానే ఉంది. నడపడమే కష్టమైంది. మన బొగ్గులో బూడిద ఎక్కువ. బొగ్గు గ్యాసుగా మారినా బూడిద మారదు. అది కరిగి, గడ్డకట్టి పైపులనూ గోడలనూ ఇబ్బంది పెడుతుంది. కరెంటు నిలకడగా లేకపోతే అంత వేడిలో నడిచే యంత్రాలను ఆపడం, మళ్లీ రాజేయడం ఇంకో తలనొప్పి. సామర్థ్యానికి తగ్గ ఉత్పత్తి రాలేదు, నష్టాలు పెరిగాయి. 1999లో ఫ్యాక్టరీ మూతపడింది. ఫెర్టిలైజర్ సిటీ అన్న పేరు మాత్రం ఊళ్లో మిగిలింది. ఆ ఉద్యోగాల మీద ఆధారపడ్డ కుటుంబాలకు అది రసాయన చర్య కథ కాదు, బతుకు కథ.

అదే స్థలంలో ఇప్పుడు రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ లిమిటెడ్ నడుస్తోంది. 2021 మార్చిలో ఉత్పత్తి మొదలైంది. 2022 నవంబర్ 12న ప్రధాని నరేంద్ర మోదీ జాతికి అంకితం చేశారు. రోజుకు 3,850 టన్నుల వేపపూత యూరియా దీని సామర్థ్యం. కానీ ముడిసరుకు బొగ్గు కాదు, పైపులైన్లో వచ్చే సహజవాయువు. దానిలోని మీథేన్‌కు వలయం లేదు, బూడిద లేదు. ఆవిరితో కలపడానికి వేడి, ఉత్ప్రేరకం కావాలి, అంతే. బొగ్గు గడ్డ మీద బొగ్గు లేకుండా యూరియా తయారవుతోందన్నమాట.

అయితే బొగ్గు గ్యాసు కథ ముగిసిపోలేదు. 2030 నాటికి 10 కోట్ల టన్నుల బొగ్గును గ్యాసుగా మార్చాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. 2024 జనవరిలో రూ.8,500 కోట్ల ప్రోత్సాహకానికి ఆమోదం తెలిపింది. తాల్చేరు ఫ్యాక్టరీని మళ్లీ బొగ్గుతోనే కడుతున్నారు. కొత్త ప్లాంటు ఎక్కడ పెట్టినా రామగుండం అనుభవం మూడు ప్రశ్నలు అడగమంటుంది. బూడిదను ఏం చేస్తారు? ఆవిరికి నీళ్లు ఎక్కడివి? కరెంటు ఆగకుండా ఉంటుందా?

తొలకరి వానకు వేడెక్కే కుప్ప

వెయ్యి డిగ్రీలు అవసరమైతే ఎవరూ నిప్పు పెట్టని బొగ్గు కుప్ప దానంతట అదే ఎలా అంటుకుంటుంది? దానికి ముందు కారణం గాలి. బొగ్గు మామూలు వేడిలోనే నెమ్మదిగా ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది. వలయాల పక్కన వేలాడే చిన్న చిన్న కొమ్మల మీద ఆక్సిజన్ పడుతుంది. కొద్దికొద్దిగా వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే లోపలే పేరుకుంటుంది. వేడి పెరిగితే చర్య వేగం పెరుగుతుంది. అలా రాజుకుంటుంది.

ఇందులో నీటి పాత్ర రెండు రకాలు. తడి బొగ్గులోని నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది, అది మేలు. కానీ బాగా ఎండిన బొగ్గు తేమను పీల్చుకుంటే, ఆ పీల్చుకోవడంలోనే వేడి పుడుతుంది. రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. అంత ఎండకు ఎండిన కుప్ప మీద తొలకరి జల్లు పడితే చల్లబడుతుందనుకుంటాం. లోపల కొంత వేడెక్కడానికి అదే కారణం కావచ్చు. అందుకే కుప్పలను రోడ్డు రోలర్లతో, డోజర్లతో అదిమి గాలి సందులు లేకుండా చేస్తారు. ముందు వచ్చిన బొగ్గు ముందు వాడేస్తారు. వేడెక్కిన భాగాన్ని తవ్వి, పలచగా పరిచి చల్లారుస్తారు.

ఎండ చేసే పని

ఇక రెండో తాళంచెవి. వేడి మొత్తం అణువును ఊపుతుంది. వెలుతురు అలా కాదు. అది ఒక్క ఎలక్ట్రాన్‌ను పట్టి పైమెట్టు ఎక్కిస్తుంది. అప్పుడో విచిత్రం జరుగుతుంది. మామూలు స్థితిలో వలయానికి బలమిచ్చిన ఎలక్ట్రాన్ల అమరికే పైమెట్టు మీద బలహీనతగా మారుతుంది. 1972లో కోలిన్ బెయిర్డ్ అనే శాస్త్రవేత్త లెక్కలు వేసి ఈ సూత్రం చెప్పాడు.

దానికి ఆరేళ్ల ముందే, 1966లో, అమెరికా శాస్త్రవేత్తలు కాప్లాన్, రిషర్, విల్జ్‌బాక్ దీన్ని కళ్లారా చూశారు. ఆమ్లం కలిపిన నీటిలో బెంజీన్ ఉంచి అతినీలలోహిత కాంతి పంపారు. బల్లపరుపుగా ఉండే వలయం ముడుచుకుపోయింది. ఆ ముడుచుకున్న రూపానికి నీరు వచ్చి అతుక్కుంది. వందల డిగ్రీల వేడి లేకుండా గది వేడిలోనే!

మరి రామగుండం ఎండలో బెంజీన్ ఇలా మారుతుందా? నేరుగా మారదు. బెంజీన్‌కు కావాల్సిన తీవ్రమైన కాంతిని పైనున్న ఓజోన్ పొర ఆపేస్తుంది. మూడు, నాలుగు వలయాలున్న ఆంత్రసీన్, పైరీన్ లాంటివి మాత్రం నేలకు చేరే ఎండను పీల్చుకోగలవు.

బెంజీన్‌కు ఎండ చుట్టుదారిలో వస్తుంది. గాలిలోని ఓజోన్‌ను ఎండ విరగ్గొడుతుంది. అందులోంచి ఊడిన ఆక్సిజన్ అణువు నీటి ఆవిరిని ఢీకొడుతుంది. నీరు రెండు ఓహెచ్ ముక్కలవుతుంది. ఈ ముక్క మహా ఆకలిగా ఉంటుంది. నిండు నీటికి తలుపు తీయని వలయం ఈ సగం నీటిని ఆపలేదు. అది అతుక్కోగానే పక్కనున్న ఆక్సిజన్ కూడా తోడై ఫినాల్ పుడుతుంది, లేదా వలయమే తెగిపోతుంది. ఇలా గాలిలోని బెంజీన్ పది రోజులు, అటూ ఇటుగా, బతుకుతుంది. కలరా ఉండల నాఫ్తలీన్ పగటిపూట కొన్ని గంటల్లోనే పోతుంది.

బొగ్గు, డీజిల్ పొగలు ఎక్కువగా ఉన్న ప్రాంతానికి ఇది ప్రకృతి చేసే ఊడ్పు పని. కానీ ఊడ్చిన చెత్త ఎక్కడికీ పోదు. తెగిన ముక్కలు కొన్ని సన్నని కణాలుగా చేరి పొగమంచులో కలుస్తాయి. మసి కణాల లోపల దాగిన పెద్ద వలయాలకు ఎండ, ఓహెచ్ అందవు. అవి మన ఊపిరితిత్తుల దాకా వస్తాయి.

ఒంట్లో జరిగే నీటి పని

మన ఒంటికి వెయ్యి డిగ్రీలు లేవు, లోపల ఎండా లేదు. అయినా పొగతో లోపలికి వచ్చిన వలయాలను బయటికి పంపాలి. నీటిలో కరగనిది మూత్రంలో పోదు. అందుకని కాలేయంలో, ఊపిరితిత్తుల్లో ఎంజైములు పనిలోకి దిగుతాయి. ఒక ఎంజైము వలయం అంచుకు ఆక్సిజన్ అతికిస్తుంది. రెండోది ఆ చోట నీటిని కలుపుతుంది. అలా కరిగే రూపంలోకి మారి చాలావరకు బయటికి పోతాయి. కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసేవాళ్ల మూత్రంలో హైడ్రాక్సీ పైరీన్ అనే పదార్థాన్ని కొలిచి ఎంత పొగ పీల్చారో అంచనా వేసేది అందుకే.

ఐదు వలయాల బెంజోపైరీన్ దగ్గర ఈ ఏర్పాటు ఎదురుతిరుగుతుంది. నీరు కలిసిన తర్వాత అదే అణువుకు ఇంకోసారి ఆక్సిజన్ అతుకుతుంది. ఆ రూపం డీఎన్‌ఏను పట్టుకుని వదలదు. క్యాన్సర్‌కు అది నాంది కావచ్చు. 1775లో లండన్ వైద్యుడు పెర్సివాల్ పాట్, పొగగొట్టాలు ఊడ్చేవాళ్లలో క్యాన్సర్‌కు మసే కారణమని చెప్పాడు. ఆ మసి గుట్టు 1933లో బొగ్గు తారు నుంచి బెంజోపైరీన్‌ను వేరుచేశాక బయటపడింది. ఇంట్లో బొగ్గు మండించగా వచ్చే పొగను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం, మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన మొదటి వర్గంలో చేర్చింది.

ఒక తేడా గమనించాలి. గనిలో పీల్చే బొగ్గు ధూళి, పొయ్యిలోంచి వచ్చే బొగ్గు పొగ ఒకటి కావు. ధూళిలో వలయాలు గట్టిగా బంధించి ఉంటాయి. దాని ప్రధాన హాని ఊపిరితిత్తులు గట్టిపడే న్యుమోకోనియోసిస్. పొగలో వలయాలు విడిపోయి తిరుగుతాయి. బావిలో దిగని ఇల్లాలికి కూడా ముప్పు తెచ్చేది ఈ పొగే.

ఇంట్లో బొగ్గు వాడుతున్నారా?

బొగ్గు ప్రాంతాల్లో గ్యాసు సిలిండర్ ఉన్నా నీళ్లు కాచుకోవడానికో, చలికాచుకోవడానికో బొగ్గు పొయ్యి వెలిగించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి.

పొయ్యిని ఆరుబయటే రాజేయండి. ఎక్కువ పొగ, ఎక్కువ వలయాలు వచ్చేది రాజుకునేటప్పుడే. పిల్లల్ని, గర్భిణులను దూరంగా ఉంచండి.

సగం ఆరిన కుంపటిని పడకగదిలో పెట్టుకుని తలుపులు మూసి పడుకోవద్దు. పొగ కనిపించకపోయినా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. తలనొప్పి, వాంతి, మత్తు అనిపిస్తే వెంటనే బయటి గాలిలోకి రండి.

ఎర్రటి బొగ్గు మీద చెంబుతో నీళ్లు గుమ్మరించొద్దు. ఇంటి పొయ్యిలో పేలుడు భయం తక్కువే గానీ ఎగదన్నే ఆవిరికి ముఖం, చేతులు కాలతాయి. ఇసుకో మట్టో కప్పి ఆరనివ్వండి.

పెరట్లో పెద్ద కుప్ప నిల్వ పెట్టొద్దు. చెయ్యి పెడితే వెచ్చగా తగిలినా, కిరోసిన్ లాంటి వాసన వచ్చినా కుప్పను విడగొట్టి పలచగా పరవండి.